బాగా చూసుకున్న స్పోర్ట్స్ కూపేని సొంతంగా అమ్మడం: మొదటి ఫోన్ నుంచి ఆర్‌సీలో పేరు మారేదాకా

స్విఫ్ట్ అమ్మకానికి పెడితే సాయంత్రానికల్లా ఫోన్లు మొదలవుతాయి. రెండు తలుపుల స్పోర్ట్స్ కూపే పెడితే అంతకు రెట్టింపు వస్తాయి, కాకపోతే అందులో కొనేవాడు ఒక్కడు కూడా ఉండకపోవచ్చు. ఫోటో దిగుదామని వచ్చేవాళ్లు, ఎక్జాస్ట్ సౌండ్ వినిపించమనేవాళ్లు, తెలిసిన పార్టీ రెడీగా ఉందనే బ్రోకర్లు, వీళ్లందరినీ దాటాక నిజంగా కొనేవాడు వస్తాడు. అతనికి ఆ కారు గురించి మీకన్నా ఎక్కువ తెలిసి ఉంటుంది. ఏ ఏడాది మోడల్‌లో ఏ పార్ట్ ఇబ్బంది పెడుతుందో చదువుకునే వస్తాడు. అతన్ని దృష్టిలో పెట్టుకుని కారునీ కాగితాల్నీ సిద్ధం చేసుకుంటే చాలు, మిగతావాళ్లు వాళ్లంతట వాళ్లే తప్పుకుంటారు.

ఉదాహరణకి ఫోర్డ్ మస్టాంగ్ జీటీని, ఊరు హైదరాబాద్‌ని తీసుకుంటున్నాను. ఈ కారు 2016 జూలైలో మన దేశానికి అధికారికంగా వచ్చింది. 5.0 లీటర్ల వీ8 ఇంజిను, సుమారు 400 హార్స్‌పవర్, 6 గేర్ల ఆటోమేటిక్. అప్పటి ధర ఢిల్లీ ఎక్స్‌షోరూమ్‌లో 65 లక్షలు. 2021 సెప్టెంబరులో ఫోర్డ్ ఇక్కడ కార్ల తయారీ ఆపేస్తున్నామని ప్రకటించింది. కాబట్టి ఇప్పుడు మస్టాంగ్ కావాలంటే చాలామందికి సెకండ్ హ్యాండే దారి. మీది ఆడీ టీటీ అయినా, పోర్షే కేమన్ అయినా, బీఎండబ్ల్యూ ఎం2 అయినా పద్ధతి ఇదే.

ముందు డీలర్ లెక్క

డీలర్ మీకు తక్కువ ఇస్తాడు. అది మోసం కాదు, అతని లెక్క అతనిది. కొన్న కారు నెలల తరబడి షెడ్డులో ఉంటే వడ్డీ, రంగు టచప్పులు, టైర్లు, అమ్మేదాకా ఇన్సూరెన్స్, పైగా కొన్న ధరకీ అమ్మిన ధరకీ మధ్య మార్జిన్ మీద 18 శాతం జీఎస్టీ. ఒక మామూలు వ్యక్తి ఇంకో వ్యక్తికి సొంత కారు అమ్మితే ఆ జీఎస్టీ లేదు. ఆ తేడా మీ జేబులోకి రావాలంటే డీలర్ చేసే పనంతా మీరే చెయ్యాలి. ఓపిక లేకపోతే డీలర్‌కే ఇచ్చెయ్యండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మధ్యలో ‘పార్క్ అండ్ సేల్’ అని ఇంకో దారి ఉంది. కారు వాళ్ల షోరూమ్‌లో పెడతారు, అమ్ముడుపోయాక కమీషన్ తీసుకుంటారు. నాకు ఇది నచ్చదు. వీకెండ్ వస్తే కారు ఎవరి చేతిలో ఎక్కడ తిరుగుతుందో మీకు తెలియదు, చలాన్లు మాత్రం మీ ఫోన్‌కే వస్తాయి.

1. కాగితాలు

ఫోటోలకన్నా ముందు ఫైలు సర్దుకోండి. ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ సర్టిఫికెట్, రెండు తాళాలు, కొన్నప్పటి ఇన్‌వాయిస్, సర్వీసు బిల్లులు అన్నీ ఒక్కచోట ఉండాలి. రెండో తాళం లేకపోతే ఈ తరహా కార్లలో కొత్తది చేయించడం ఖరీదైన వ్యవహారం, బేరంలో కొనేవాడు మొదట పట్టుకునేది దాన్నే.

లోన్ తీరిపోయినా ఆర్‌సీ మీద బ్యాంకు పేరు అలాగే ఉండిపోవడం మనవాళ్లలో చాలా మామూలు. దాన్ని తీయించాలంటే బ్యాంకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), బ్యాంకు సంతకం ఉన్న ఫారం 35 కావాలి. ఆ ఎన్‌ఓసీకి సాధారణంగా 90 రోజులే గడువు. అది దాటిపోయి ఉంటే మళ్లీ తెచ్చుకోవాల్సిందే. ఈ పని కొనేవాడు దొరికాక మొదలుపెడితే అతను ఈలోపు ఇంకో కారు చూసుకుంటాడు.

పెండింగ్ చలాన్లు కట్టెయ్యండి. ట్రాఫిక్ పోలీసుల సైట్‌లో బండి నంబరు కొట్టి ఎవరైనా చూసుకోవచ్చు, కొనేవాడు మీ ఇంటికి రాకముందే చూస్తాడు. ఓవర్‌స్పీడ్ చలాన్లు వరుసగా కనిపిస్తే మీరు ‘మెల్లగా నడిపానండీ’ అన్నా నమ్మడు.

కారు కంపెనీ పేరు మీద ఉంటే ముందే మీ సీఏతో మాట్లాడండి. సొంత వాడకానికి కొన్న కారు వ్యక్తిగత వస్తువు కిందికి వస్తుంది కాబట్టి అమ్మితే వచ్చే లాభం మీద మూలధన లాభాల పన్ను పడదు, నష్టం వచ్చినా చూపించుకోలేరు. వ్యాపారంలో పెట్టి తరుగుదల చూపించిన కారుకి ఈ సూత్రం వర్తించదు.

2. కారు

ఇక్కడ చాలామంది డబ్బు తప్పుగా ఖర్చు పెడతారు. సిరామిక్ కోటింగ్ కొత్తగా వేయించడం, సీట్లు మళ్లీ కుట్టించడం వంటివాటికి పెట్టింది తిరిగి రాదు. సర్వీసు బాకీ ఉంటే అది చేయించండి. 5.0 వీ8కి ఫోర్డ్ చెప్పింది 5డబ్ల్యూ-20 నూనె. బిల్లు మీద ఆ గ్రేడు రాసి ఉందో లేదో తెలిసినవాడు చూస్తాడు. బ్యాటరీ వీక్‌గా ఉంటే మార్చండి. వారానికోసారి తీసే కార్లలో ముందు పోయేది అదే, చూడటానికి వచ్చినవాడి ముందు కారు స్టార్ట్ కాకపోతే ఇక చెప్పేదేముంది.

టైరు పక్కన నాలుగంకెల తేదీ కోడ్ ఉంటుంది. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని. తక్కువ తిరిగిన కార్లలో గాడి లోతుగా ఉంటుంది, రబ్బరు మాత్రం ముదిరి గట్టిపడి ఉంటుంది. వెనక చక్రాలకి 400 గుర్రాల బలం వెళ్లే కారుకి ఇది చిన్న విషయం కాదు. టైర్లు పాతబడితే రెండు దారులు: మార్చడం, లేదా ఆ ఖర్చు ముందే చెప్పి ధరలో తగ్గించడం. రెండోదే నయం, ఎందుకంటే ఇలాంటి కార్లు కొనేవాళ్లకి టైరు బ్రాండు మీద సొంత పట్టింపులుంటాయి.

మాడిఫికేషన్లు చేయించి ఉంటే వీలైనంత తీసేసి కంపెనీ పార్టులు తిరిగి పెట్టించండి. మీకు ముచ్చటగా ఉన్న ఎక్జాస్ట్ కొనేవాడికి చలాను, పైగా ‘దీన్ని ఎంత దంచాడో’ అన్న అనుమానం. తీసిన పార్టులు విడిగా అమ్మితేనే డబ్బులెక్కువ. తీయడం కుదరకపోతే కంపెనీ పార్టులు కారుతోపాటు ఇస్తానని ప్రకటనలోనే రాయండి.

ఇక రంగు. కొనేవాడు రంగు మందం కొలిచే పెయింట్ మీటరు పట్టుకుని వస్తాడు. కంపెనీ రంగు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్ల దగ్గర చూపిస్తుంది. పుట్టీ పెట్టి మళ్లీ వేసిన చోట అంకె ఎగిరిపోతుంది. అయితే రంగుని కాపాడే పారదర్శక ఫిల్మ్, అంటే పీపీఎఫ్, అతికించిన కారుకి ఆ ఫిల్మే దాదాపు 200 మైక్రాన్లు ఉంటుంది. బానెట్ మీద 320 అని కనబడగానే ‘ఇది యాక్సిడెంట్ బండి’ అని అతను మనసులో అనేసుకుంటాడు, మీతో అనడు, మళ్లీ ఫోన్ ఎత్తడు. అందుకని పీపీఎఫ్ బిల్లు, ఏ ప్యానెళ్ల మీద వేశారో ఆ వివరం దగ్గర పెట్టుకుని, తలుపు లోపలి అంచున ఫిల్మ్ లేని చోట మీటరు పెట్టి మీరే చూపించండి. నిజంగా రంగు వేయించిన ప్యానెల్ ఉంటే ఎందుకు వేయించారో, ఆనాటి ఫోటోలతో చెప్పండి. పార్కింగులో గీత పడితే బంపరుకి రంగు వేయించడం నేరం కాదు, దాచడమే అనుమానం పుట్టిస్తుంది.

కారు కింది భాగం కూడా మర్చిపోవద్దు. మన కాలనీల స్పీడ్ బ్రేకర్లకి గీరుకోని మస్టాంగ్ ఉండదు. లిఫ్ట్ మీద ఎక్కించి కింద ఫోటోలు తీసి పెట్టుకోండి. అడగకముందే చూపిస్తే సగం ప్రశ్నలు తగ్గిపోతాయి.

3. ధర

వెబ్‌సైట్లలో కనిపించేది అడిగే ధర. ఎంతకి తెగిందో ఎవరూ రాయరు. నెలల తరబడి అక్కడే కూర్చున్న ప్రకటన ధర ఎక్కువని చెబుతోంది, వారంలో మాయమైనది దాదాపు సరైన ధర. కొద్దివారాలు ఈ రెండింటినీ గమనించండి. ఇద్దరు ముగ్గురు డీలర్లని కొనుగోలు ధర అడగండి, అది మీ కింది హద్దు. ఇన్సూరెన్స్ పాలసీలో కారు విలువగా రాసే ఐడీవీని మార్కెట్ ధర అనుకోవద్దు, అది తరుగుదల పట్టికతో వచ్చిన అంకె. మామూలు కార్లు కొనే ఆన్‌లైన్ కంపెనీల లెక్కలకి కూడా ఇలాంటి అరుదైన కార్లు అందవు.

రెండు విషయాలు ధరని కిందికి లాగుతాయి. ఒకటి ఢిల్లీ. అక్కడ ఇదే కారు తక్కువకి ఉందని ప్రతి ఒక్కరూ అంటారు. నిజమే ఉంటుంది. కానీ అది తెలంగాణకి తెచ్చి రీ-రిజిస్టర్ చేయిస్తే ఇక్కడి లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి, అది లక్షల్లో ఉంటుంది. ఆ లెక్క కాగితం మీద వేసి చూపించండి, గొంతు పెంచనక్కర్లేదు. రెండోది, 2025 సెప్టెంబరు 22 నుంచి పెద్ద కార్ల మీద జీఎస్టీకి అదనంగా వేసే సెస్ పోయి, మొత్తం పన్ను 40 శాతం జీఎస్టీకి తగ్గింది. కొత్త కార్ల ధరలు తగ్గాయి కాబట్టి అంతకు ముందు నాటి సెకండ్ హ్యాండ్ ధరల్ని పట్టుకుని వేలాడొద్దు. మస్టాంగ్‌కి కొత్త కారు పోటీ లేదు కనుక దెబ్బ తక్కువ, ఎం2 లాంటివాటికి ఎక్కువ.

మీకు రావాల్సిన మొత్తం మీద నాలుగైదు శాతం బేరానికి వదిలి అడగండి. ఇరవై శాతం ఎక్కువ పెట్టి తర్వాత దిగుదాం అనుకుంటే అసలైనవాడు ఫోనే చెయ్యడు.

4. ఫోటోలు, ప్రకటన

పొద్దున ఆరున్నర ప్రాంతంలో, గండిపేట వైపు ఖాళీ జాగాలో, చక్రాలు తిన్నగా పెట్టి, మోకాళ్ల మీద కూర్చుని తీయండి. నిలబడి తీస్తే కూపే అందం పోతుంది. నాలుగు మూలలు, రెండు పక్కలు, లోపల డ్యాష్‌బోర్డు, ఓడోమీటరు, సీటు అంచు అరుగుదల, నాలుగు అల్లాయ్‌లు, టైరు తేదీలు. గీతలు, గుంటలు దగ్గరగా. చల్లటి ఇంజిను స్టార్ట్ చేసే వీడియో ఒకటి, ఎడిటింగ్ లేకుండా, పాట లేకుండా.

రాత ఇలా ఉంటే చాలు: ‘2017 మస్టాంగ్ జీటీ, తెలంగాణ 09 రిజిస్ట్రేషన్, రెండో ఓనరు, 21,400 కి.మీ. పూర్తి సర్వీసు రికార్డు ఉంది. ముందు బంపరు ఒకసారి రంగు వేయించాను, ఫోటోలున్నాయి. కుడి వెనక అల్లాయ్‌కి కర్బ్ గీత ఉంది. టైర్లు 2019వి, మార్చాలి. లోన్ లేదు, చలాన్లు లేవు, రెండు తాళాలున్నాయి. స్టాక్ కారు, మార్పులేవీ లేవు. పోస్టు చూసి లాస్ట్ ప్రైస్ అడగొద్దు, కారు చూశాక మాట్లాడదాం.’ లోపాలు రాసిన ప్రకటనకి ఫోన్లు తగ్గుతాయి. అదే మనకి కావాల్సింది.

నంబరు ప్లేటు, ఆర్‌సీ ఫోటోలు బయట పెట్టొద్దు. ఆ మోడల్ ఓనర్ల వాట్సాప్ గ్రూపుల్లో ముందు వెయ్యండి. మంచి కార్లు చాలావరకు అక్కడే చేతులు మారతాయి.

5. ఫోన్లు

‘అన్నా, లాస్ట్ ఎంత?’ అని మొదటి మెసేజే వస్తే మర్యాదగా ఒక్క మాట చెప్పి వదిలెయ్యండి. ‘సార్, ఇంకా ఉందా బండి? సర్వీసు ఎక్కడ చేయించారు?’ అని అడిగినవాడితో పది నిమిషాలు మాట్లాడండి. ఇప్పుడేం నడుపుతున్నారు, ఎక్కడ పెడతారు, లోనా సొంత డబ్బా, ఏ ఊళ్లో రిజిస్ట్రేషన్ అని మీరూ అడగండి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఈ20 పెట్రోలు గురించి తప్పక అడుగుతారు. మీరు ఏ బంకులో ఏ పెట్రోలు వాడారో ఉన్నదున్నట్టు చెప్పండి, ఇంజినీరు అవతారం ఎత్తొద్దు.

విజయవాడ వ్యక్తి కొంటానంటే ఒకటి గుర్తుంచుకోండి. 2014 జూన్ నుంచి అది వేరే రాష్ట్రం. ఫారం 28తో ఇక్కడి రవాణా శాఖ ఎన్‌ఓసీ కావాలి, అక్కడి పన్ను అతను కట్టాలి. ముందే చెబితే బేరం చివర్లో గొడవ ఉండదు.

6. చూపించడం, టెస్ట్ డ్రైవ్

అతను వచ్చేముందు కారు స్టార్ట్ చెయ్యొద్దు. తెలిసినవాడు పలకరింపు కాగానే చెయ్యి బానెట్ మీద వేస్తాడు. వేడిగా ఉంటే ఏదో శబ్దం దాచడానికి ముందే తిప్పాడని అనుకుంటాడు. చల్లగా ఉంటే తాళం అతని చేతికే ఇచ్చి స్టార్ట్ చెయ్యమనండి. కారు కంప్యూటరులోని లోపాల కోడ్‌లు చదివే ఓబీడీ స్కానర్ పెట్టుకుంటానన్నా, తన మెకానిక్‌ని తెచ్చుకుంటానన్నా, సర్వీసు సెంటర్లో తన ఖర్చుతో చూపిస్తానన్నా ఒప్పుకోండి. ఒప్పుకోకపోవడానికి కారణం ఉంటే దాన్ని ప్రకటనలోనే రాసి ఉండాల్సింది.

డ్రైవింగ్ లైసెన్సు చూసి ఫోటో తీసుకున్నాకే నడపడానికి తాళం. ఇన్సూరెన్స్ బతికి ఉండాలి. మొదట మీరే నడపండి, నూనె వేడెక్కేదాకా, ఏడెనిమిది కిలోమీటర్లు. తర్వాత అతను, మీరు పక్క సీట్లో. చక్రాలు జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ బటన్ మీద చెయ్యి పడకూడదని ముందే చెప్పండి. చినుకు పడితే వాయిదా వెయ్యండి. వెనక చక్రాల కారుకి తడిరోడ్డు, కొత్త డ్రైవరు కలిస్తే డివైడర్ ఎంతో దూరంలో ఉండదు. ఔటర్ రింగ్ రోడ్డు మీద పరిమితి గంటకి 120 కి.మీ. అంతలోపే ఆ కారు గురించి తెలుసుకోవాల్సిందంతా తెలుస్తుంది.

ఇద్దరు ముగ్గురు స్నేహితులతో వచ్చి రీల్ తీయడం మొదలుపెడితే బానెట్ మూసేసి టీ ఇచ్చి పంపెయ్యండి.

7. బేరం, టోకెన్, డబ్బు

మీరు ప్రకటనలో రాసిన లోపాలకి మళ్లీ తగ్గించొద్దు, అవి ధరలో ఉన్నాయని చెప్పండి. తనిఖీలో కొత్తగా ఏదైనా దొరికితే రిపేరు అంచనా తెప్పించి అంతవరకు తగ్గించడం న్యాయం. మాట కుదిరితే టోకెన్ తీసుకుని వాట్సాప్‌లోనైనా సరే రాయండి: మొత్తం ధర, టోకెన్ ఎంత, ఏ తేదీలోగా మిగతాది, ఎవరు వెనక్కి తగ్గితే టోకెన్ ఏమవుతుంది. టోకెన్ తీసుకున్నాక ఇంకొకరికి చూపించడం మర్యాద కాదు.

నగదు గురించి స్పష్టంగా ఉండండి. ఒక లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం నిషేధించింది. తీసుకుంటే తీసుకున్నంతా జరిమానా పడొచ్చు, అదీ తీసుకున్న మీకే. నాలుగు రోజులకి విడగొట్టి తీసుకున్నా అదే లావాదేవీ. ‘సగం వైట్, సగం క్యాష్’ అనేవాడికి నమస్కారం పెట్టండి.

పెద్ద మొత్తాలు బ్యాంకు నుంచి బ్యాంకుకి పంపే ఆర్‌టీజీఎస్ మంచిది. 2020 డిసెంబరు నుంచి రోజంతా పనిచేస్తోంది. కొత్తగా చేర్చిన ఖాతాకి మొదటి రోజు పెద్ద మొత్తం పంపనివ్వని బ్యాంకులు చాలా ఉన్నాయి కాబట్టి ముందురోజే మీ ఖాతాని చేర్చుకోమనండి, ఒక రూపాయి వేయించి సరిచూసుకోండి. డబ్బు వచ్చిందని స్క్రీన్‌షాట్ చూపించినా, ఎస్ఎంఎస్ వచ్చినా చాలదు. మీ బ్యాంకు యాప్‌లో బ్యాలెన్సు మారాలి. డీడీ అయితే ఇచ్చిన బ్రాంచికి వెళ్లి నిర్ధారించుకున్నాకే తాళం.

8. ఆర్‌సీ

ఎక్కువమంది డబ్బు పడగానే పని అయిపోయిందనుకుంటారు. 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది చదివితే నిద్ర పట్టదు. కారు చేతులు మారుతూ పోయింది, రికార్డులో పేరు మాత్రం మొదటి ఓనరుదే. ప్రమాదం జరిగితే పరిహారం బాధ్యత రికార్డులో ఉన్న ఓనరుదేనని తీర్పు. చాలా ఏళ్ల కిందటే అమ్మేశానన్న మాట అక్కడ చెల్లదు.

మోటారు వాహనాల చట్టంలోని 50వ సెక్షన్ ప్రకారం అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు 14 రోజుల్లో రవాణా శాఖకి తెలియజేయాల్సింది అమ్మినవాళ్లు. దానికి ఫారం 29. కొన్నవాళ్లు 30 రోజుల్లో ఫారం 30తో దరఖాస్తు చెయ్యాలి. మన దగ్గర అలవాటు ఏమిటంటే రెండు ఫారాల మీదా ఖాళీగా సంతకాలు పెట్టి బ్రోకర్ చేతిలో పెట్టడం. ఎట్టిపరిస్థితుల్లోనూ అలా చెయ్యొద్దు. కొన్నవాడి పేరు, చిరునామా, తేదీ నింపాకే సంతకం, ప్రతి కాగితం కాపీ మీ దగ్గర. స్లాట్ బుక్ చేసుకుని ఇద్దరూ కలిసి ఆర్‌టీఏకి వెళ్లడం అన్నిటికన్నా మంచిది. అమెరికా విమానం టికెట్టు పెట్టుకుని కారు అమ్మేవాళ్లు మన ఊళ్లో ఎక్కువ; వాళ్లు కనీసం నెల ముందే మొదలుపెట్టాలి.

డీలర్‌కి ఇచ్చినా ఇది తప్పదు. 2023 ఏప్రిల్ నుంచి అమలైన నిబంధనల ప్రకారం అధీకృత డీలర్‌కి ఆథరైజేషన్ సర్టిఫికెట్ ఉండాలి, కారు అతని చేతికి వెళ్లినట్టు ఫారం 29సీతో రవాణా శాఖకి తెలియాలి. ఆ కాగితం అడగండి. ‘మా దగ్గర అలాంటివేం లేవు సార్’ అంటే కారు వెనక్కి తెచ్చుకోండి.

కారు అప్పగించేటప్పుడు డెలివరీ రసీదు రాయించండి. తేదీతోపాటు గంట, నిమిషం కూడా. ఓడోమీటరు అంకె, తాళాల సంఖ్య, ‘ఈ సమయం తర్వాత చలాన్లు, ప్రమాదాలు, కేసుల బాధ్యత కొన్నవారిదే’ అన్న వాక్యం, ఇద్దరి సంతకాలు, ఇద్దరు సాక్షులు. సాయంత్రం 5.10కి కారు ఇచ్చి 5.40కి ఎక్కడో సిగ్నల్ జంప్ అయితే ఆ అరగంటకి జవాబు ఆ కాగితమే. కోర్టులో రికార్డుని మించి ఇది నిలవదు, అందుకే పేరు మార్పిడి ఆపకూడదు.

9. మిగిలినవి

ఫాస్టాగ్ మూయించండి. లేకపోతే అతను శ్రీశైలం వెళ్లినా టోల్ మీ ఖాతాలోంచే పోతుంది. కారుకి మొబైల్ యాప్ ఉంటే మీ ఖాతా తొలగించండి, స్క్రీన్‌లోంచి ఫోన్లు, ఇంటి అడ్రసు చెరిపెయ్యండి.

ఇన్సూరెన్స్ దగ్గర డబ్బు వదులుకోకండి. క్లెయిమ్ చెయ్యనందుకు ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్ (ఎన్‌సీబీ), కారుది కాదు, మీది. అయిదేళ్లు క్లెయిమ్ లేకపోతే, సొంత కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజ్ ప్రీమియంలో 50 శాతం దాకా ఉంటుంది, ఇలాంటి కారుకి అది చిన్న మొత్తం కాదు. అమ్మిన కాగితాలు, ఫారం 29 కాపీ కంపెనీకి పంపి ఎన్‌సీబీ సర్టిఫికెట్ తీసుకోండి. మూడేళ్లలోపు మీ తర్వాతి కారుకి వాడుకోవచ్చు. కొన్నవాళ్లు పాలసీని 14 రోజుల్లో తమ పేరుకి మార్పించుకోవాలి. ఈలోపు థర్డ్ పార్టీ కవరు నడుస్తుంది కానీ వాళ్ల కారుకి దెబ్బ తగిలితే క్లెయిమ్ చిక్కుల్లో పడుతుంది. ఈ మాట వాళ్లకి మీరే చెప్పండి.

కొత్త ఆర్‌సీ వచ్చిందని అతను ఫోన్ చేసి చెప్పినా ఊరుకోకుండా దాని ఫోటో అడిగి తెప్పించుకోండి. రవాణా శాఖ సైట్‌లో బండి నంబరు కొట్టి ఓనరు పేరు మారిందో లేదో చూడండి. నెల దాటినా మారకపోతే ఫారం 29 కాపీ, డెలివరీ రసీదు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేసి ఆర్‌టీఏకి రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి.